మా ఇంటి లింకు డాక్యుమెంట్లలో ఆండ్రూ జాక్సన్

నాన్న 34 ఏళ్ళు రెవెన్యూలో పనిచేశారు. ఖమ్మం జిల్లాలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యారు. పోయినేడు ఎండాకాలం మా దగ్గరికి, అంటే అట్లాంటాకి ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీకి వచ్చారు. అందరి నాన్నల్లా గుడికీ కాస్ట్‌కోకీ తీసుకెళ్ళమని అడగలేదు. రెండో రోజు పొద్దున్నే కాఫీ తాగుతూ, “ఇంటి కాగితాలు ఓసారి చూపించరా” అన్నారు.

ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళకి తెలుసు, క్లోజింగ్ రోజున గంటలో నలభై యాభై సంతకాలు పెడతాం. ఏదీ చదవం. నేనూ చదవలేదు. నాన్న చదివారు. కళ్ళజోడు సవరించుకుంటూ, తెలియని మాటకల్లా నన్ను అర్థం అడుగుతూ, ఆస్తి వివరం రాసిన చోట ఆగారు. ల్యాండ్ లాట్ నంబరు ఇంత, సెకండ్ డిస్ట్రిక్ట్, ఫస్ట్ సెక్షన్, ఫోర్సైత్ కౌంటీ, జార్జియా అని ఉందక్కడ.

“సర్వే నంబరన్నమాట. ఈ సెక్షనూ డిస్ట్రిక్టూ ఎవరు విడగొట్టారు? ఏ సంవత్సరం సర్వే ఇది?”

తెలీదన్నాను.

“నీకు అమ్మినవాడికి ముందు ఎవరిది? వాడికి ముందు? లింకు డాక్యుమెంట్లు ఏవీ?”

టైటిల్ ఇన్సూరెన్స్ ఉంది నాన్నా, రేపెవరైనా వచ్చి ఇది మాదంటే కంపెనీ చూసుకుంటుంది అన్నాను. ఆయన నవ్వారు. “అంటే ఎవరో ఒకరు వచ్చి మాదంటారని కంపెనీకి కూడా అనుమానమే.”

ఆ రాత్రి కూర్చుని వెతికాను. మా చుట్టుపక్కల ఇళ్ళన్నిటి కాగితాల్లో ఉండే ఆ సెక్షన్లూ డిస్ట్రిక్టులూ 1832 నాటివి. జార్జియా రాష్ట్రం ఇక్కడి ఆదివాసులైన చెరోకీల నేలని గళ్ళు గళ్ళుగా కొలిపించి, నంబర్లు వేయించి, లాటరీ తీసి పంచింది. బంగారం దొరుకుతుందనుకున్న వైపు గడి 40 ఎకరాలు, మిగతా వైపు 160. మాది బంగారం వైపు. గొలుసులు పట్టుకుని సర్వేయర్లు తిరిగే నాటికి ఆ నేల మీద చెరోకీలు ఇళ్ళు కట్టుకుని, మొక్కజొన్న వేసుకుని, పిల్లల్ని బడికి పంపుకుంటూ ఉన్నారు. అది బంజరు కాదు, పోరంబోకూ కాదు.

అలా నేను అప్పటి ప్రెసిడెంటు ఆండ్రూ జాక్సన్ దగ్గరికి వచ్చి పడ్డాను. ఇరవై డాలర్ల నోటు మీద జుట్టు పైకెగదువ్వుకుని కోపంగా చూసే పెద్దమనిషి, అమెరికా ఏడో ప్రెసిడెంటు, ఆయనే. 1928 నుంచీ ఆ నోటు మీద ఉన్నాడు. ఆయన బదులు, బానిసలని తప్పించిన నల్లజాతి వీరనారి హ్యారియట్ టబ్‌మన్ బొమ్మ వేస్తామని 2016లో ప్రకటించారు. 2017లో వచ్చిన ప్రెసిడెంటు జాక్సన్ పటాన్ని ఓవల్ ఆఫీసులో తగిలించుకున్నాడు. చచ్చి 180 ఏళ్ళయినా ఆయన మీద పేచీ తెగలేదు.

ఈ ఊళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలకి జార్జియా చరిత్ర పాఠం ఉంటుంది. మా అమ్మాయి ఇంటికి తెచ్చిన కాగితం మీద జాక్సన్ పేరు కింద రెండు కాలమ్‌లు గీసి ఉన్నాయి. ఒకవైపు సాధించినవి, ఇంకోవైపు విమర్శలు. సామాన్యుడి ప్రెసిడెంటు అని ఇటు, ఇండియన్లను వెళ్ళగొట్టాడని అటు. వీకెండు పాట్‌లక్‌లో ఈ సంగతి ఎత్తితే మా మిత్రబృందం కూడా అదే కాగితం చదివినట్టు మాట్లాడింది. “ఎవరిలోనైనా మంచీ చెడూ ఉంటాయి బ్రదర్” అని తేల్చేసి బిర్యానీలోకి దిగారు. నా గొడవ ఆ రెండు కాలమ్‌లతోనే. జాక్సన్ మంచి ఒక ఖాతాలో, చెడు ఇంకో ఖాతాలో లేవు. జమా ఖర్చూ ఒకే పద్దు. సామాన్యుడికి ఆయన ఇచ్చింది నేల. తెచ్చింది ఎక్కడి నుంచో మా ఇంటి కాగితంలో ఉంది.

ముందు ఆయన బతుకు చెప్పాలి. చెప్పకపోతే ఆయన మీద జనానికి అంత పిచ్చి ఎందుకు పట్టిందో అర్థం కాదు.

1767 మార్చి 15న, ఉత్తర దక్షిణ కరోలినాల సరిహద్దులో వాక్స్‌హాస్ అనే చోట పుట్టాడు. తల్లి కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. ఉత్తర ఐర్లండు నుంచి వలస వచ్చిన కుటుంబం, బంధువుల పంచన బతుకు. స్వాతంత్ర్య యుద్ధంలో పెద్దన్న హ్యూ పోయాడు. 1781లో ఆండ్రూనీ రెండో అన్న రాబర్ట్‌నీ బ్రిటిష్ వాళ్ళు పట్టుకున్నారు. ఒక అధికారి తన బూట్లు తుడవమన్నాడు. తుడవనన్నాడు ఈ పిల్లవాడు. కత్తి విసిరితే చెయ్యి అడ్డం పెట్టాడు. చేతికీ తలకీ పడిన ఆ గాట్లు చచ్చేదాకా ఉన్నాయి. జైల్లో అన్నదమ్ములిద్దరికీ మశూచి సోకింది. తల్లి వెళ్ళి బతిమాలి విడిపించుకొచ్చింది గానీ రాబర్ట్ దక్కలేదు. కొన్ని నెలలకి చార్ల్స్‌టన్‌లో ఖైదీలకి సేవ చేయడానికి వెళ్ళి ఆ తల్లీ జబ్బుపడి పోయింది. పద్నాలుగేళ్ళకి అతనికి ఎవరూ మిగల్లేదు.

ఇలాంటి వాడు పెద్దవాడైతే ఎలా ఉంటాడు? ఎవడైనా ఒక మాట అంటే జన్మంతా గుర్తుపెట్టుకునేవాడిగా తయారయ్యాడు. కాస్త లా చదివి, 1788లో అడవి మధ్య కొత్తగా లేచిన నాష్‌విల్ చేరాడు. అక్కడ రేచల్‌ని పెళ్ళాడాడు. ఆమెకి మొదటి భర్త నుంచి విడాకులు ఇంకా పూర్తి కాలేదని తర్వాత బయటపడి, 1794లో రెండోసారి పెళ్ళి చేసుకోవాల్సి వచ్చింది. ఆ మాట ఎవరెత్తినా జాక్సన్ పిస్తోలు తీసేవాడు. 1806లో, గుర్రప్పందెం గొడవ ముదిరి, చార్ల్స్ డికిన్సన్ అనే గురికాడితో ద్వంద్వ యుద్ధానికి దిగాడు. ఎదుటివాణ్ణే ముందు కాల్చనిచ్చాడు. గుండు వచ్చి గుండె పక్కన దిగింది. నిలబడే ఉన్నాడు. పిస్తోలు ఒకసారి మొరాయిస్తే మళ్ళీ ఎక్కుపెట్టి, తీరిగ్గా గురి చూసి కాల్చి చంపాడు. ఆ గుండు ఆయన ఒంట్లోనే ఉండిపోయింది, తీయడానికి వీల్లేని చోట. 39 ఏళ్ళు దాన్ని మోశాడు.

కథ ఇక్కడ ఆపితే సినిమా హీరోనే. మా మిత్రులు చాలామంది ఇక్కడే ఆపుతారు.

1804లో, అదే నాష్‌విల్ దగ్గర హెర్మిటేజ్ తోట కొన్న ఏడాది, జాక్సన్ ఒక పత్రికలో ప్రకటన వేయించాడు. తన దగ్గర్నుంచి ఒక బానిస పారిపోయాడు, పట్టిచ్చినవాళ్ళకి 50 డాలర్లు. అక్కడితో అయిపోలేదు. వాణ్ణి కొట్టిన ప్రతి 100 కొరడా దెబ్బలకీ 10 డాలర్లు అదనం, 300 దెబ్బల వరకు. దెబ్బలకి రేటు కట్టి ప్రకటన ఇచ్చినవాడు బూట్లు తుడవనన్న ఆ పిల్లవాడే. ఆయన పోయేనాటికి తోటలో సుమారు 150 మంది బానిసలున్నారు.

పరువు అంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. అది ఎవరికి ఉంటుందనే దగ్గరే ఆయన లెక్క వేరు.

యుద్ధం సంగతికొస్తే, 1814 మార్చి 27న అలబామాలో హార్స్‌షూ బెండ్ అనే నది వంపు దగ్గర, క్రీకులనే ఇంకో ఆదివాసీ జాతిలో తిరగబడిన ‘రెడ్ స్టిక్స్’ మీద ఆయన గెలిచాడు. 800 మందికి పైగా చచ్చారు. ఆ గెలుపులో చెరోకీలది పెద్ద చెయ్యి. వందల మంది చెరోకీలు జాక్సన్ పక్షాన పోరాడారు. వాళ్ళలో కొందరు నది ఈది అవతలి ఒడ్డున కట్టేసిన పడవలు విప్పుకొచ్చి, వెనక నుంచి దాడికి దారి చేశారు. రిడ్జ్ అనే చెరోకీ పెద్దకి మేజర్ అన్న బిరుదు వచ్చింది ఆ యుద్ధంలోనే. తర్వాత అదే ఆయన పేరైపోయింది, మేజర్ రిడ్జ్. ఈ పేరు మళ్ళీ వస్తుంది. ఆ ఏడాదే జాక్సన్ క్రీకులతో చేయించుకున్న ఒప్పందంలో రెండు కోట్ల ఎకరాలకు పైగా రాయించుకున్నాడు. తిరగబడ్డవాళ్ళ నేలే కాదు, తన పక్షాన నిలబడిన క్రీకుల నేల కూడా అందులో ఉంది.

ఆ పోరులోనే ఇంకో సంగతి జరిగింది. 1813 నవంబరులో టల్లుషాచీ అనే క్రీకు ఊరిని జాక్సన్ సైన్యం తుడిచిపెట్టింది. చచ్చిపడున్న తల్లి దగ్గర ఒక పసివాడు దొరికాడు. జాక్సన్ వాణ్ణి తన ఇంటికి పంపి పెంచాడు. పేరు లింకోయా. ఈ పిల్లవాడికీ నాలాగే నా అన్నవాళ్ళు లేరు, అందుకే మనసు కదిలింది అన్నట్టు రేచల్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంలో నటన ఏమీ లేదనే నేననుకుంటాను. పసివాణ్ణి చూసి కదిలిన మనసు, ఆ పసివాణ్ణి అనాథ చేసింది ఎవరన్న ప్రశ్న దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. లింకోయా 1828లో, పట్టుమని పదహారేళ్ళు నిండీ నిండకుండానే క్షయతో పోయాడు.

న్యూ ఓర్లీన్స్ గురించి రెండు ముక్కలు చాలు. 1815 జనవరి 8న బ్రిటిష్ సైన్యాన్ని చిత్తు చేశాడు. అటువైపు చచ్చినవాళ్ళూ గాయపడినవాళ్ళూ పట్టుబడినవాళ్ళూ కలిపి 2,000 దాకా. సంధి పత్రాల మీద రెండు వారాల ముందే యూరప్‌లో సంతకాలైపోయాయి, కబురు సముద్రం దాటి రాలేదంతే. అయినా ఆ ఒక్క రోజు ఆయన్ని దేశానికి దేవుణ్ణి చేసింది.

1824 ఎన్నికల్లో నలుగురు నిలబడితే జనం ఓట్లు ఎక్కువ జాక్సన్‌కే, ప్రెసిడెంటుని తేల్చే ఎలక్టోరల్ ఓట్లూ (99) ఎక్కువ జాక్సన్‌కే. సగం దాటలేదు కాబట్టి తీర్పు ప్రతినిధుల సభకి వెళ్ళింది. సభ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ని ఎన్నుకుంది. ఆడమ్స్‌కి సాయం చేసిన హెన్రీ క్లే విదేశాంగ మంత్రి అయ్యాడు. జాక్సన్ మనుషులు దాన్ని చీకటి బేరమని నాలుగేళ్ళు ఊరూరా చాటారు. 1828లో 178కి 83 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు. ఆ ప్రచారంలో ప్రత్యర్థులు రేచల్ పెళ్ళి సంగతి వీధిలోకి లాగారు. ఆమె డిసెంబరు 22న గుండె ఆగి పోయింది. ప్రమాణ స్వీకారానికి నల్ల బట్టల్లో వెళ్ళాడు. ఆ రోజు వైట్‌హౌస్‌లోకి జనం బురద బూట్లతో తోసుకొచ్చి, పింగాణీ పగలగొట్టి, కుర్చీలెక్కి నిలబడితే, విస్కీ పంచ్ తొట్లు బయట పచ్చిక మీద పెట్టి వాళ్ళని బయటికి రప్పించారని చెబుతారు. మా నాన్నకి ఈ ముక్క తెగ నచ్చింది. “మన దగ్గర ప్రమాణ స్వీకారాల్లో కుర్చీలే విరుగుతాయి” అన్నారు.

అక్కడికి తోసుకొచ్చిన జనం ఎవరు? ఆస్తి ఉంటేనే ఓటన్న నియమం అప్పటికి చాలా రాష్ట్రాల్లో పోయింది. జాక్సన్ దాన్ని తీసేయించలేదు గానీ ఆ కొత్త ఓటర్లకి ముఖం ఆయనే అయ్యాడు. అదే కాలంలో ఇంకోటి కూడా జరిగింది, దాన్ని మా అమ్మాయి కాగితంలో ఏ కాలమ్‌లోనూ రాయలేదు. జాక్సన్ సొంత రాష్ట్రం టెన్నెస్సీలో 1796 రాజ్యాంగం ప్రకారం బానిసలు కాని నల్లవాళ్ళకి ఓటుండేది. 1834లో రాసుకున్న కొత్త రాజ్యాంగం దాన్ని తీసేసింది. పేద తెల్లవాడికి తలుపు తీసిన చేతులే పక్క తలుపు మూశాయి.

బ్యాంకు గొడవ గురించి పుస్తకాలకి పుస్తకాలున్నాయి, నాకంత ఓపిక లేదు. యవ్వనంలో భూమి అమ్మి, డబ్బుకి బదులు ఒకడి ప్రామిసరీ నోట్లు పుచ్చుకుని, వాడు దివాలా తీస్తే ఆ అప్పు తన నెత్తికి చుట్టుకుంది. అప్పటినుంచీ కాగితం డబ్బంటే ఒళ్ళుమంట. 1832 జూలైలో, దేశంలోకెల్లా పెద్ద బ్యాంకుకి లైసెన్సు పొడిగించే బిల్లుని వీటో చేశాడు. 1835 జనవరికి జాతీయ అప్పు మొత్తం తీర్చేశాడు, ముందూ వెనకా ఇంకెవరికీ చేతకాని పని. ఆ తీర్చడానికి వచ్చిన సొమ్ములో ప్రభుత్వ భూముల అమ్మకం డబ్బు పెద్ద వాటా. చూశారా, ఎటు తిప్పినా నేల దగ్గరికే వస్తాం. ఆయన దిగిపోయిన కొన్ని వారాలకి 1837 సంక్షోభం వచ్చి బ్యాంకులు కూలాయి. అంత కాగితం ద్వేషిని తీసుకొచ్చి కాగితం నోటు మీద వేసిన వాళ్ళకి హాస్యప్రియత్వం ఉండే ఉంటుంది.

ఇక మా కౌంటీ కథ.

1820ల నాటి చెరోకీలని అడవి మనుషులుగా ఊహించుకోకండి. 1827లో లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. సెక్వోయా అనే ఆయన, ఇంగ్లీషు చదవడం రాకుండానే, తన భాషకి సొంతంగా లిపి తయారుచేశాడు. 85 అక్షరాలు, మన క, కి, కు లాగా ఒక్కో గుర్తుకి ఒక్కో పలుకు. ఆదివారం తెలుగు బడిలో మా పిల్లలు గుణింతం నేర్వడానికి ఏళ్ళు తీసుకుంటున్నారు గానీ చెరోకీలు ఆ లిపిని వారాల్లో నేర్చేసుకున్నారట. 1828 ఫిబ్రవరిలో వాళ్ళ రాజధాని న్యూ ఎకోటా నుంచి ‘చెరోకీ ఫీనిక్స్’ పత్రిక మొదలైంది, ఇంగ్లీషులోనూ చెరోకీలోనూ. ఎలియాస్ బౌడినాట్ దాని సంపాదకుడు. నేల అందరిదీ ఉమ్మడి, పై వాళ్ళకి అమ్మితే మరణశిక్ష. ఏజెన్సీ మండలాల్లో ఏళ్ళ తరబడి 1/70 కేసులు, అంటే గిరిజనుల నేల బయటివాళ్ళకి పోకూడదన్న చట్టం కింద కేసులు చూసిన నాన్న, ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళలో ధనికులకి నల్ల బానిసలూ ఉన్నారు, ఆ మాట దాచనక్కర్లేదు.

ఇంతలో కొండల్లో బంగారం పడింది. జార్జియా చెరోకీ చట్టాలు చెల్లవంది. జాక్సన్ 1829 డిసెంబరులో కాంగ్రెసుకి రాసిన మొదటి సందేశంలోనే, వీళ్ళని మిసిసిపీ అవతలికి పంపాలన్నాడు. 1830 మే 28న ఇండియన్ రిమూవల్ చట్టం మీద సంతకం పెట్టాడు.

“ఆ కాలం అలాంటిది” అంటారు. ఈ వాదన ఎవరన్నా నేను ఒక అంకె చెబుతాను. ప్రతినిధుల సభలో ఆ బిల్లుకి 102, వ్యతిరేకంగా 97. ఆ 97 మందీ ఏ కాలంలో బతికారు? టెన్నెస్సీ నుంచే ఎన్నికైన డేవీ క్రాకెట్ వ్యతిరేకంగా ఓటేశాడు. న్యూజెర్సీ సెనేటరు ఫ్రీలింగ్‌హైసన్ గంటల తరబడి మాట్లాడాడు. ఊరూరి నుంచీ ఆడవాళ్ళు అర్జీలు పంపారు. అది తప్పని ఆనాడే గొంతు చించుకుని చెప్పారు, జాక్సన్ విన్నాడు, విని సంతకం పెట్టాడు.

రెండో వాదన కాస్త గట్టిది. జార్జియా వలసదారులని ఆపడం ఎవరి తరమూ కాదు, ఉంటే చెరోకీలు నాశనమయ్యేవాళ్ళు, దూరంగా పంపడమే దయ అని. 1832 మార్చిలో వూస్టర్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, చెరోకీ నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని తీర్పిచ్చింది. “మార్షల్ తీర్పిచ్చాడు, ఆయన్నే అమలుచేసుకోమనండి” అని జాక్సన్ అన్నట్టు ప్రచారంలో ఉన్న మాట ఆయన అనకపోయి ఉండొచ్చు. అప్పటికప్పుడు ఆయన చేయాల్సిన పనేదీ ఆ తీర్పులో లేదని ఆయన పక్షం వాళ్ళనేదీ నిజమే. ఆ తీర్పు చచ్చి పుట్టిందని పాత సహచరుడు జాన్ కాఫీకి రాసిన ఉత్తరం మాత్రం ఉంది.

ఇప్పుడు తారీఖులు చూడండి. మార్చిలో తీర్పు. అక్టోబరులో లాటరీ మొదలు. 1832 డిసెంబరు 3న చెరోకీ నేలని ముక్కలు చేసి కౌంటీలు ఏర్పాటు చేశారు, మా ఫోర్సైత్ అందులో ఒకటి. సరిగ్గా వారానికి, డిసెంబరు 10న, జాక్సన్ ఒక ప్రకటన చేశాడు. దిగుమతి సుంకం చట్టం తమకి చెల్లదన్న సౌత్ కరోలినాని, సైన్యంతో రావడానికైనా వెనకాడనన్నట్టు బెదిరించాడు. ఏ రాష్ట్రమూ దేశపు చట్టాన్ని కాదనడానికి వీల్లేదన్నాడు. సౌత్ కరోలినా జార్జియాకి పక్క రాష్ట్రం, మధ్యలో ఒక నది. సుంకం కోసం ఆ నదికి అటువైపు కత్తి దూసినవాడికి, ఇటువైపు తీర్పు అమలు చేయించడం తన తరం కాలేదట. నేను నమ్మను. మా కౌంటీకి పేరిచ్చిన జాన్ ఫోర్సైత్, సెనేట్‌లో రిమూవల్ బిల్లుకి వాదించినవాడు, 1834లో జాక్సన్‌కి విదేశాంగ మంత్రి అయ్యాడు.

లాటరీ అప్పటి జార్జియా రాజధాని మిల్లెడ్జ్‌విల్‌లో తీశారు. ఒక డ్రమ్ములో పేర్లు, ఇంకోదాంట్లో గడి నంబర్లు. జార్జియాలో మూడేళ్ళుగా ఉంటున్న తెల్లవాడికి ఒక చీటీ, పెళ్ళాం పిల్లలుంటే రెండు. భర్త పోయిన ఆడవాళ్ళకి చీటీ, తండ్రి లేని పిల్లలకి చీటీ. ఆ చివరి నియమం చదివినప్పుడు వాక్స్‌హాస్ పిల్లవాడు గుర్తొచ్చాడు. ఆ పిల్లవాడు కలగన్న ప్రభుత్వం అచ్చంగా అదే. దిక్కులేనివాళ్ళ పేరు పెట్టి నేల ఇచ్చేది. అది చాలా మంచి పథకం, ఆ నేల మీద మనుషులు లేకపోయి ఉంటే.

1835 వసంతంలో చెరోకీల ప్రధాన నాయకుడు జాన్ రాస్ వాషింగ్టన్‌లో అర్జీలిచ్చి కూసా నది ఒడ్డున ఉన్న తన ఇంటికి తిరిగొచ్చాడు. ఇంట్లో లాటరీ తగిలినవాడున్నాడు. రాస్ టెన్నెస్సీ సరిహద్దు దాటి ఒక చిన్న కొయ్య ఇంట్లో కాపురం పెట్టాల్సి వచ్చింది. ఆ డిసెంబరులో, రాస్ లేకుండా, ఇక వేరే దారి లేదనుకున్న కొద్దిమంది న్యూ ఎకోటాలో 50 లక్షల డాలర్లకి ఒప్పందం రాసిచ్చారు. అందులో పత్రిక నడిపిన బౌడినాట్, హార్స్‌షూ బెండ్‌లో జాక్సన్ పక్షాన పోరాడిన మేజర్ రిడ్జ్ ఉన్నారు. వేల సంతకాలతో మాకిది ఇష్టం లేదని చెరోకీలు అర్జీ పెట్టుకున్నా, ఒక్క ఓటు తగ్గినా వీగిపోయేంత తేడాతో సెనేట్ ఆమోదించింది. 1838లో, జాక్సన్ దిగిపోయాక, సైన్యం వచ్చింది. సుమారు 16,000 మందిని దొడ్లలో పెట్టి, తర్వాత ఓక్లహోమా వైపు నడిపించారు. దాదాపు 4,000 మంది పోయారని అంచనా. 1839 జూన్ 22న రిడ్జ్‌నీ, అతని కొడుకునీ, బౌడినాట్‌నీ సొంతవాళ్ళే చంపేశారు, నేల అమ్మిన నేరానికి.

జాక్సన్ 1845 జూన్ 8న హెర్మిటేజ్‌లో, మంచం మీద, చుట్టూ అందరూ ఉండగా పోయాడు.

నాన్నకి ఇదంతా మూడు సాయంత్రాలు చెప్పాను. ఆయన తన డైరీలో గీతలు కొట్టి పహాణీ నమూనా ఒకటి వేసుకున్నారు. పట్టాదారు కాలమ్, అనుభవదారు కాలమ్. 1832 ఎదురుగా పట్టాదారు దగ్గర ‘లాటరీ’ అనీ, అనుభవదారు దగ్గర ‘చెరోకీ’ అనీ రాశారు. 1838 ఎదురుగా రెండు చోట్లా ఒకే పేరు. అక్కడి నుంచి కిందికి, ఎవరెవరో తెలియని గళ్ళు ఖాళీగా వదిలి, చివర నా పేరూ మా ఆవిడ పేరూ.

“మరి ఇల్లు అమ్మేయమంటావా నాన్నా?” అన్నాను, సగం నవ్వుతూ.

“అమ్మితే కొన్నవాడు చెరోకీకి ఇస్తాడా?” అన్నారు. కాగితాలు జాగ్రత్తగా ఫైల్లో సర్ది నా చేతికిచ్చారు. “ఒరిజినల్ లోపల పెట్టు. పైన జెరాక్స్ ఉంచు.”